వాళ్లు కార్మికులు కారని ఎలా అనగలిగారు? – దక్షిణ కొరియా చట్టసభ సభ్యులకు ఒక డాన్స్ టీచర్ బహిరంగ లేఖ

దక్షిణ కొరియా జాతీయ అసెంబ్లీలో కార్మిక వ్యవహారాలు చూసే స్థాయీ సంఘం సభ్యులకు,

నమస్కారం.

నేను కాకినాడలో పిల్లలకి డాన్స్ నేర్పుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. మొదట్లో సినిమా పాటలు, స్కూళ్లలో యాన్యువల్ డేలు ఉండేవి. ఈ ఆరేడేళ్లుగా మా క్లాసుకి వచ్చే ఆడపిల్లల్లో సగానికి పైగా కె-పాప్, అంటే మీ కొరియా పాప్ పాటల డాన్స్, నేర్పమనే అడుగుతున్నారు. కొరియన్ అక్షరం ఒక్కటి రాకపోయినా పాట మొత్తం అప్పజెప్పేస్తారు. ఏ స్టెప్పు దగ్గర ఎవరు ముందుకొస్తారో, ఎవరు వెనక్కి తగ్గుతారో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆ పిల్లల వల్ల మీ పాటలు నాకూ అలవాటయ్యాయి. ఏడుగురు ఎనిమిదిమంది ఒకే ఊపిరితో కదలడం వెనక ఎంత సాధన ఉంటుందో ఈ పని చేసేవాళ్లకి తెలుస్తుంది. నాకు ఆ సాధన మీద గౌరవం ఉంది. ఆ గౌరవం వల్లే వాళ్ల గురించి వచ్చేవన్నీ చదవడం మొదలుపెట్టాను. చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు వచ్చింది తెలుగే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. కొరియన్ నేర్చుకుంటున్న మా స్టూడెంట్ ఒకమ్మాయి తర్జుమా చేసి మీకు పంపుతానంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ దేశానికి ప్రపంచమంతా పేరు తెస్తున్న ఈ పిల్లల్ని మీ చట్టం కార్మికులుగా లెక్కపెట్టడం లేదు. ఎవరైనా కొడితే పోలీసు కేసు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ దెబ్బల దాకా రానివి ఎన్ని ఉంటాయి! అవమానించడం, వెలివేయడం, తిండి మాన్పించడం, నిద్ర లేకుండా తిప్పడం, డబ్బు లెక్క చెప్పకపోవడం. వీటన్నిటినీ వాళ్లని నడిపించే ఏజెన్సీ కంపెనీకీ ఆ పిల్లకీ మధ్య ఉన్న సొంత ఒప్పందం అని వదిలేస్తున్నారు. ఈ ఒక్కటీ మార్చమని అడగడానికే రాస్తున్నాను.

2024 అక్టోబర్ 15న ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి మీ సంఘం ముందుకొచ్చి కూర్చుంది. న్యూజీన్స్ గ్రూపులో పాడే హన్నీ. వియత్నామీ కుటుంబంలో, ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్ల. కంపెనీ బిల్డింగులో మేకప్ చేసే అంతస్తులో తను నిలబడి ఉంటే ఇంకో గ్రూపువాళ్లు వెళ్తూ పలకరించారని, కాసేపటికి వాళ్లు తిరిగొస్తున్నప్పుడు తనని పట్టించుకోవద్దని వాళ్ల మేనేజరు తనకి వినబడేలా చెప్పారని మీకు చెప్పింది. అవతలి కంపెనీ అలాంటిదేమీ జరగలేదంది. తనకి పనిచేసే చోట వేధింపుల చట్టం వర్తించకపోవచ్చని ఆ పిల్లకి ముందే తెలుసు. అయినా అందరం మనుషులమే కదా అని మీ ముందు కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ వీడియోని మా క్లాసు పిల్లలు ఒకే ఫోను చుట్టూ మూగి చూశారు. ఒక పిల్ల నన్ను అడిగింది, "పట్టించుకోవద్దంటే అంత ఏడవాలా టీచర్?" అని. పక్కనున్న పిల్ల దాన్ని కసిరింది. "నీకేం తెలుసే. రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా" అంది. దానికి పన్నెండేళ్లు. ఏడో తరగతి చదువుతోంది.

నెల దాటగానే నవంబర్‌లో మీ కార్మిక శాఖ తన నిర్ణయం చెప్పింది. హన్నీ కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం కార్మికురాలు కాదు, కాబట్టి పనిచేసే చోట వేధింపుల గురించిన సెక్షను ఆమెకి వర్తించదు అని. నిర్ణీతమైన పనివేళలు లేవన్నారు, పనిచేసే చోటు ఇదీ అని లేదన్నారు. వచ్చేది జీతం కాదు, లాభంలో వాటా అన్నారు. పన్ను కూడా వ్యాపార ఆదాయం కింద కడుతోందన్నారు. లాభనష్టాల రిస్కు ఆమే మోస్తోందన్నారు.

ఒక్కో కారణాన్నీ నేను పదేపదే చదివాను. పని ఆగే గంటంటూ లేకపోవడం వల్లే కదా వాళ్లకి పనివేళలు లేనిది! ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్లాలి కాబట్టే కదా పనిచేసే చోటంటూ లేనిది! ఉదయం ఎన్నింటికి లేవాలి, ఏ సెలూనుకి వెళ్లాలి, జుట్టుకి ఏ రంగు వేయాలి, ఎవరితో కలిసి ఉండాలి, ఏ పాట పాడాలి, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి – ఇవన్నీ కంపెనీయే చెబుతుంది. ట్రైనీలుగా ఉన్నప్పుడు తమ ఫోన్లు తీసేసుకునేవారని, వారం వారం బరువు తూచేవారని ఎంతమంది ఐడల్స్ (కె-పాప్ స్టార్లు) ఇంటర్వ్యూల్లో చెప్పలేదు? మా ఊళ్లో బట్టల షాపులో పనిచేసే సేల్స్‌గర్ల్ మీద కూడా యజమానికి ఇంత అజమాయిషీ ఉండదు. ఆ అమ్మాయి కార్మికురాలు. ఈ అమ్మాయి మాత్రం సొంత వ్యాపారం చేసుకుంటోంది! ఏ తల్లికి చెప్పినా ఒప్పుకునే మాటేనా ఇది?

ఆ తర్వాత ఆరు నెలలకి ఇంతకంటే బాధాకరమైన నిర్ణయం ఒకటి వచ్చింది. ఒక టీవీ చానెల్లో వాతావరణ వార్తలు చదివే ఓ యోఆన్నా అనే అమ్మాయి 2024 సెప్టెంబర్‌లో చనిపోయింది. వయసు ఇరవై ఎనిమిది. తోటివాళ్ల వేధింపులే కారణమని కుటుంబం చెప్పింది. 2025 మేలో కార్మిక శాఖ విచారణ ముగించి, వేధింపులు అనదగ్గవి జరిగాయని ఒప్పుకుంది. అదే నోటితో, ఆమె ఫ్రీలాన్సరు కాబట్టి కార్మికురాలు కాదు, వేధింపుల చట్టం వర్తించదు అంది. జరిగిందని ప్రభుత్వమే అన్నాక కూడా చట్టం ఆమె దగ్గరికి రాలేకపోయింది. హన్నీ విషయంలో ఆ మాట అన్నారో లేదో అని వాదించుకోవచ్చు. ఇక్కడ ఆ వాదన కూడా లేదు. పనిచేసే చోట వేధింపుల్ని నిషేధిస్తూ 2019 జూలై నుంచి మీకో మంచి చట్టం అమల్లో ఉంది. దాన్ని తెచ్చినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటాను. కానీ గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగుపెట్టని చట్టం వల్ల ఆ తల్లికి ఏం ఒరిగింది?

మీ దేశంలో ఒప్పందాల్లో మొదటి పక్షాన్ని గప్ అని, రెండో పక్షాన్ని ఉల్ అని రాస్తారట. మా దస్తావేజుల్లో ఒకటో పార్టీ, రెండో పార్టీ అని రాసుకుంటాం, అలాగన్నమాట. పైనున్నవాడు కిందున్నవాడి మీద చేసే దాష్టీకానికి మీవాళ్లు ఆ మొదటి మాటతోనే గప్‌జిల్ అని పేరు పెట్టుకున్నారు. అంటే ఈ జబ్బు మీ జనానికి బాగా తెలుసు. ఈ రంగంలో బానిస ఒప్పందం అనే మాట కూడా మీ పేపర్లలో వాడీ వాడీ అరిగిపోయింది. 2009లో టీవీఎక్స్‌క్యూ గ్రూపులో ముగ్గురు తమ కంపెనీతో ఉన్న పదమూడేళ్ల ఒప్పందం అన్యాయమని కోర్టుకెళ్లారు. పదమూడేళ్లు! పద్దెనిమిదో ఏట సంతకం పెట్టినవాడికి ముప్ఫై దాటేదాకా సొంత నిర్ణయం లేదన్నమాట. ఆ అక్టోబర్‌లోనే కోర్టు వాళ్లకి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. మీ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఏడేళ్ల పరిమితితో నమూనా ఒప్పందం తెచ్చింది కూడా ఆ ఏడాదే. అది మంచి పనే. కానీ ఏడేళ్లు దాటకూడదు అని రాసినంత గట్టిగా, ఆ ఏడేళ్లూ ఆ మనిషి బతుకు ఎలా ఉండాలో ఎవరూ రాయలేదు.

డబ్బు సంగతీ అంతే. చాలా చిన్న కంపెనీల్లో శిక్షణ ఖర్చు, హాస్టలు ఖర్చు, వీడియో తీసిన ఖర్చు అన్నీ తీరాకే ఆ పిల్లల చేతికి రూపాయి వస్తుంది. గ్రూపు హిట్టు కాకపోతే ఆ రోజు రానే రాదు. పోనీ హిట్టయిన వాళ్లకైనా లెక్క చెబుతారా? గాయకుడు లీ సుంగ్-గి 2004లో పాడటం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్లలో 137 పాటలు పాడితే వాటి ఆన్‌లైన్ ఆదాయంలో తనకి పైసా రాలేదని 2022లో బయటపెట్టాడు. నీ పాటల వల్ల నష్టమే తప్ప లాభం లేదని చెబుతూ వచ్చారట. అంత పేరున్న మనిషి, టీవీ పెడితే కనిపించే మనిషి, అన్నేళ్లూ ఆ మాట నమ్మాడు. లెక్క అడిగే హక్కు ఉందని కాగితం మీద రాసి ఉన్నా, అడిగే ధైర్యం ఒంటరి మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? పదిమందితో కలిసి అడిగితే వస్తుంది. దానికి యూనియన్ కావాలి, యూనియన్‌కి కార్మికులన్న గుర్తింపు కావాలి.

ఇంకొకరి గురించి మీతో మాట్లాడాలి. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

నటి జాంగ్ జా-యొన్ 2009 మార్చి 7న చనిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లు. అప్పటికి ఆమె నటిస్తున్న సీరియల్ మీ టీవీలో ఇంకా వస్తోంది. చిన్న వేషమే, కానీ జనం గుర్తుపట్టే వేషం. చనిపోయే ముందు చేతిరాతతో కొన్ని పేజీలు రాసిపెట్టింది. ఏజెన్సీ యజమాని కొట్టాడని, పెద్దమనుషుల విందులకి వెళ్లి మందు పోయాల్సి వచ్చిందని, వాళ్ల కోరికలు తీర్చమని ఒత్తిడి చేశారని అందులో ఉంది. వేలిముద్ర కూడా వేసింది. ఆ కాగితాలు ఎవరైనా చదువుతారని, చదివాక ఏదో ఒకటి చేస్తారని నమ్మకం ఉంటేనే కదా వేలిముద్ర వేస్తుంది!

ఏం జరిగిందో నాకంటే మీకే బాగా తెలుసు. ఏజెన్సీ యజమానికి కొట్టినందుకు శిక్ష పడింది, అది కూడా జైలుకి వెళ్లే పని లేకుండా సస్పెండయింది. విందుల్లో కూర్చున్నవాళ్లలో లైంగిక నేరం కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. 2018లో రెండు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టి మళ్లీ విచారించమంటే న్యాయశాఖ కమిటీ ఒకటి ఆ కేసు చేపట్టింది. 2019 మేలో ఆ కమిటీ మొదటి దర్యాప్తే సరిగ్గా జరగలేదంది. కానీ లైంగిక నేరాల మీద తిరిగి దర్యాప్తు చేయడానికి చాలినన్ని ఆధారాలు లేవు, గడువూ తీరిపోయింది అంది. పదేళ్లు తిరిగి మొదటికే వచ్చారు.

ఇక్కడ నన్ను వెంటాడే ప్రశ్న ఒకటుంది. ఆ విందులు జరుగుతున్న రోజుల్లో, ఆమె బతికున్నప్పుడు, ఆమె ఎవరి దగ్గరికి వెళ్లి ఉండాల్సింది? పోలీసుల దగ్గరికి వెళితే ఒప్పందం పోతుంది, వేషం పోతుంది. కోర్టుకి వెళితే ఏళ్లు పడుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయికైతే లేబర్ ఆఫీసు ఉంది. ఫిర్యాదు తీసుకుని, యజమానిని పిలిచి, ఏమిటి సంగతి అని అడిగే గుమస్తా ఒకడుంటాడు. నటికి ఆ గుమస్తా కూడా లేడు. ఆమె రాసిన కాగితాలు ఆమె పోయాక పేపర్లకెక్కాయి గానీ, ఏ ఆఫీసు టేబులు మీదికీ అర్జీగా వెళ్లలేదు. తీసుకునే ఆఫీసు లేదు కనుక.

పిల్లల విషయం ఇంకా ఘోరం. ద ఈస్ట్ లైట్ అనే బ్యాండులో డ్రమ్స్ వాయించే కుర్రాడు 2018 అక్టోబర్‌లో పత్రికల వాళ్లని పిలిచి, తననీ బాస్ గిటార్ వాయించే తన తమ్ముడినీ నిర్మాత 2015 నుంచి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టేవాడని చెప్పాడు. గిటారు కేబుల్ మెడకి చుట్టి, తప్పు వాయించినప్పుడల్లా లాగేవాడని చెప్పాడు. అమ్మానాన్నలకి చెప్పొద్దని బెదిరించారట. ఆ నిర్మాతకి జైలు శిక్ష పడింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అంతవరకు న్యాయం జరిగింది. కానీ మూడేళ్లండీ! ప్రాక్టీసు గదిలో మూడేళ్లు. నా క్లాసుకి వచ్చే పిల్ల మోచేతి మీద కమిలిన మచ్చ కనిపిస్తే ఆ సాయంత్రమే వాళ్లమ్మకి ఫోన్ చేస్తాను. ఆ బిల్డింగులోకి ఇన్స్పెక్టర్ అనేవాడు ఒక్కసారి రావడానికి చట్టంలో దారి ఉండి ఉంటే ఎన్ని దెబ్బలు తప్పేవో.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను. పదిహేడేళ్ల వయసులో నేను ఒక ఆర్కెస్ట్రా ట్రూపులో డాన్స్ చేశాను. శ్రీరామనవమి పందిళ్లు, జాతర్లు, ఎగ్జిబిషన్లు. గోదావరి జిల్లాల్లో నేను స్టేజీ ఎక్కని ఊరు తక్కువ. ప్రోగ్రాం అయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. మేకప్ కడుక్కునే టైము కూడా ఇవ్వకుండా వ్యాన్ ఎక్కించేవాళ్లు, మర్నాడు ఇంకో ఊళ్లో స్టేజీ ఉండేది కాబట్టి. తొమ్మిదిమందిమి, మధ్యలో స్పీకర్ బాక్సులు. డ్రైవరు కూడా పొద్దున్నుంచీ మాతోపాటే తిరుగుతున్నవాడే. నిద్ర రాకుండా కిటికీ తీసి మొహాన నీళ్లు కొట్టుకుంటూ నడిపేవాడు. ఒకసారి రావులపాలెం దాటాక లారీ వెనకాల సడన్ బ్రేకు వేశాడు. నా నుదురు స్పీకరు అంచుకి తగిలి చిట్లింది. నాలుగు కుట్లు పడ్డాయి. ట్రూపు ఓనరు ఆస్పత్రి ఖర్చు నా బత్తాలోంచి కోసుకున్నాడు. ఎందుకు కోశారని నేను అడగలేదు. అడగొచ్చని నాకు తెలియదు.

అందుకే లేడీస్ కోడ్ గ్రూపు సంగతి చదివినప్పుడు నాకు ఆ వ్యాన్ గుర్తొచ్చింది. 2014 సెప్టెంబర్ 3, తెల్లవారుజామున ఒంటిగంట దాటాక. దేగూలో ప్రోగ్రాం ముగించుకుని సియోల్ తిరిగొస్తున్నారు. వాన. మేనేజరు పరిమితికి మించిన వేగంతో నడుపుతున్నాడు. సువాన్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే మీద వ్యాన్ అదుపు తప్పింది. యూన్‌బీకి ఇరవై ఒక్క ఏళ్లు, ఆ రాత్రే పోయింది. రైజ్‌కి ఇరవై మూడు, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది. ఎప్పటికైనా తమ పాట చార్టులో మొదటి స్థానానికి రావాలన్నది యూన్‌బీ కోరిక అని తెలిసి, ఆమె పోయిన రోజున అభిమానులు వాళ్ల పాత పాట ఒకటి అదే పనిగా విని మొదటి స్థానానికి చేర్చారు. నడిపినవాడికి జైలు శిక్ష పడింది. అతను మాత్రం ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో, ఆ రాత్రే అందరూ సియోల్ చేరి తీరాలన్న షెడ్యూలు ఎవరు వేశారో ఎవరైనా అడిగారా? కార్మికుల విషయంలో ప్రయాణం పనిలో భాగమా కాదా అన్న ప్రశ్న వస్తుంది. వీళ్ల విషయంలో ఆ ప్రశ్న కూడా రాదు.

మైనర్లకి మీరు పరిమితి పెట్టారు. 2014 నుంచి అమల్లో ఉన్న మీ చట్టం ప్రకారం పదిహేనేళ్ల లోపు పిల్లలు వారానికి 35 గంటలు, ఆపై మైనర్లు 40 గంటలు పనిచేయొచ్చు. బడిలో చదివే పిల్లకి వారానికి 35 గంటల పని తక్కువంటారా? మా క్లాసులో వారానికి ఆరు గంటలు చేసిన పిల్లలే మోకాళ్ల నొప్పి అంటారు. ఆ గంటల్ని తగ్గించాలన్న ప్రతిపాదన 2023లో వచ్చినప్పుడు పరిశ్రమ సంఘాలు కలిసికట్టుగా వ్యతిరేకించాయి. కంపెనీల తరఫున మాట్లాడటానికి సంఘాలున్నాయి, వాటికి ఆఫీసులున్నాయి, లెటర్‌హెడ్లున్నాయి. ఆ పిల్లల తరఫున అప్పుడు ఎవరు లెటర్ రాశారు?

తప్పంతా కంపెనీలదే అనను. మా అభిమానులకీ ఇందులో భాగముంది. 2024 మార్చిలో ఈస్పా గ్రూపులోని కరీనా ఒక నటుడితో ప్రేమలో ఉందని తెలిసి కొంతమంది అభిమానులు కంపెనీ ముందుకి ట్రక్కు మీద బోర్డు పెట్టి పంపారు. ఇరవై మూడేళ్ల అమ్మాయి, తన ఇష్టం వచ్చిన మనిషిని ఇష్టపడినందుకు చేత్తో క్షమాపణ లేఖ రాసి అందరికీ చూపించాల్సొచ్చింది. ఆ లేఖ ఫోటో మా పిల్లలు నాకు చూపించారు. "ఎంత ముద్దుగా ఉందో చూడండి టీచర్, చేతిరాత" అన్నారు. ఆ రోజు క్లాసు ఆపేసి వాళ్లతో అరగంట మాట్లాడాను. నా గొంతు కాస్త పెరిగింది కూడా.

మా ఇల్లు శుభ్రంగా ఉందని చెప్పి మీకు నీతులు చెప్పడం లేదు. 2018లో ఒక నటి హైదరాబాద్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు రోడ్డు మీద నిరసన చేస్తే తప్ప తెలుగు సినిమాల్లో వేషాల పేరుతో జరిగేవి చర్చకి రాలేదు. 2019లో తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ తర్వాత నివేదిక ఇచ్చింది. 2024లో కేరళ సినీరంగంలో మహిళల మీద వేధింపుల నివేదిక బయటికొచ్చాక, మాదీ బయటపెట్టమని నటి సమంత బహిరంగంగా కోరాల్సొచ్చింది. కాబట్టి ఈ బాధ నాకు పరాయి దేశం బాధగా అనిపించదు. అయినా ఇవాళ మీకే ఎందుకు రాస్తున్నానంటే, మా పిల్లలు ఇప్పుడు మీ గుమ్మంలోకి వస్తున్నారు. ఒడిశా పిల్ల శ్రియా లెంక 2022లో బ్లాక్‌స్వాన్ గ్రూపులో చేరింది. మీ పెద్ద కంపెనీ హైబ్ 2025లో ముంబైలో ఆఫీసు పెట్టింది. ఆడిషన్లు ఇక మా ఊళ్ల దాకా వస్తాయి. బయటి దేశం పిల్లకి అక్కడ అమ్మానాన్నలు ఉండరు, భాష పూర్తిగా రాదు, వీసా కూడా ఏజెన్సీ పిలిస్తేనే వస్తుంది. కళాకారులకి మీరిచ్చే ఇ-6 వీసా పనిచేసుకోవడానికి ఇచ్చే వీసాల వరసలోదే. అంటే మీ వీసా ఆఫీసు దృష్టిలో ఆ పిల్ల పని చేయడానికి వచ్చింది. మీ లేబర్ ఆఫీసు దృష్టిలో మాత్రం పని చేయడం లేదు.

ఇదంతా మార్చడం సాధ్యం కాదని మీరు అనలేరు, ఎందుకంటే ఇలాంటివి మీరు ఇంతకుముందు మార్చారు. 2011 జనవరిలో చోయ్ గో-ఉన్ అనే ముప్ఫై రెండేళ్ల సినిమా రచయిత్రి అన్యాంగ్‌లో తన అద్దెగదిలో చనిపోయింది. జబ్బుతో, చాలీచాలని తిండితో. పోయేముందు పక్కింటి వాళ్ల తలుపుకి చీటీ అంటించింది. అడగడానికి సిగ్గుగా ఉందనీ, మిగిలిన అన్నం, కిమ్చీ ఉంటే తన తలుపు కొట్టమనీ. ఆ చీటీ గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ చీటీ మీ దేశాన్ని కదిలించింది. ఆ ఏడాదే కళాకారుల సంక్షేమ చట్టం చేశారు. 2020 డిసెంబర్ నుంచి, ఉద్యోగులు కాని కళాకారులకి కూడా ఉపాధి బీమా ఇస్తున్నారు. కార్మిక ప్రమాణాల చట్టం నిర్వచనంలోకి రాకపోయినా బీమాలోకి తెచ్చారు కదా! 2018లో మీ సుప్రీంకోర్టు టీవీ నటులు యూనియన్ చట్టం ప్రకారం కార్మికులేనని చెప్పింది. రెండు తలుపులు తెరిచారు. మూడోదానికి తాళం ఎందుకు?

నేను అడిగేవి పెద్దవి కావు. ఏజెన్సీతో ఒప్పందం ఉన్న ప్రతి ఒక్కరికీ, అరంగేట్రం చేయని ట్రైనీకి కూడా, పనిచేసే చోట వేధింపుల నిషేధం వర్తించేలా ఒక్క వాక్యం చేర్చండి. ట్రైనీని మర్చిపోకండి. అందరికంటే చిన్నపిల్ల ఆమే, అందరికంటే భయపడేదీ ఆమే. మైనర్ల గంటలు లెక్కపెట్టేటప్పుడు ప్రాక్టీసు, రాత్రి ప్రయాణం, మేకప్ కుర్చీలో కూర్చున్న టైము అన్నీ కలపండి. ప్రాక్టీసు గదుల్లోకి చెప్పకుండా వెళ్లి చూసే అధికారం లేబర్ ఇన్స్పెక్టర్‌కి ఇవ్వండి. ఫిర్యాదు చేసిన పిల్లకి ఒప్పందం పోతుందనీ వీసా పోతుందనీ భయం లేకుండా చేయండి. ఇలా చేస్తే కె-పాప్ దెబ్బతింటుందని కంపెనీలు మీకు చెబుతాయి. నేనూ ఒక చిన్న క్లాసు నడుపుతున్నదాన్నే. కడుపునిండా తిని నిద్రపోయి వచ్చిన పిల్ల ఎలా ఆడుతుందో, బరువు భయంతో పొద్దున్నుంచీ మంచినీళ్లు మాత్రమే తాగి వచ్చిన పిల్ల ఎలా ఆడుతుందో రోజూ కళ్లారా చూస్తున్నాను.

ఆ రెండో పిల్ల నిజంగానే ఉంది. పదిహేనేళ్లు. మా క్లాసులో అందరికంటే బాగా చేస్తుంది. కిందటి నెల రిహార్సల్‌లో రెండో పాటకే కళ్లు తిరిగి కూలబడింది. లేపి కూర్చోబెట్టి గ్లూకోజ్ కలిపి తాగించాను. ఏం తిన్నావే అంటే, నిన్న మధ్యాహ్నం ఒక చపాతీ అంది. ఆన్‌లైన్ ఆడిషన్‌కి వీడియో పంపుతోందట, అందులో ఎత్తూ బరువూ రాయాలట. సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. ఆవిడ టైలరింగ్ చేస్తుంది. కూతురు ఎంపికైతే పంపడానికి ఉన్న కాస్త బంగారం కుదువ పెట్టడానికి కూడా సిద్ధంగా ఉంది. నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"అక్కడ పిల్లకేమైనా ఇబ్బందైతే ఎవరికి చెప్పుకోవాలండీ, టీచర్‌గారూ? ఆఫీసు లాంటిదేమైనా ఉంటుందా?"

కనుక్కుని చెబుతానన్నాను. అందుకే మీకు రాస్తున్నాను. ఉంటే ఆ ఆఫీసు అడ్రసు పంపండి. ఆవిడ వారం వారం అడుగుతోంది.

ఇట్లు,
ఒక డాన్స్ టీచర్,
కాకినాడ